పూర్వ విద్యార్థుల సంఘంలో కార్యదర్శి మారుతున్నారు – ఛార్జి అప్పగింత ఎలా జరగాలి? (విజయవాడ)

కృష్ణలంక_కట్ట అడిగారు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం. 2009లో సొసైటీగా రిజిస్టర్ చేశారు. అప్పటినుంచీ కార్యదర్శి ఒక్కరే, మా అందరికీ పాఠాలు చెప్పిన మాస్టారు. సంఘం అంటే ఆయనే, ఆయనంటే సంఘమే అన్నట్టు నడిచింది. ఓపిక తగ్గిందని, సంక్రాంతికి జరిగే సర్వసభ్య సమావేశంలో తప్పుకుంటానని ఆయనే చెప్పారు. అధ్యక్షులవారు హైదరాబాద్‌లో ఉంటారు. కోశాధికారి గారు పెట్టమన్నచోట సంతకం పెడతారు, అంతే. కొత్త ప్యానెల్లో ఎక్కువమంది 2000 తర్వాతి బ్యాచ్‌లవాళ్ళు. పోటీ లేదు, ఏకగ్రీవమే.

సంఘానికి బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా ఉంది, ఇద్దరి సంతకంతో నడుస్తుంది. స్కాలర్‌షిప్పుల కోసం దాతలిచ్చిన డబ్బుతో వేసిన ఎఫ్‌డీలు ఎనిమిది. ఇన్‌కంటాక్స్‌లో సంఘం ఆదాయానికి మినహాయింపునిచ్చే 12ఏ, దాతలకు పన్ను తగ్గింపునిచ్చే 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. వెబ్‌సైట్, జీమెయిల్, ఫేస్‌బుక్ పేజీ, బ్యాచ్‌లవారీ వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఓటీపీ వెళ్ళేది మాస్టారి సొంత ఫోన్‌కే.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఎన్నికైన రోజే ఛార్జి తీసుకోవాలా, గడువు పెట్టుకోవాలా? రిజిస్ట్రార్ ఆఫీసు, బ్యాంకు, ఇన్‌కంటాక్స్ – వీటిలో ముందు ఏది? మాస్టారికి ‘గౌరవ సలహాదారు’ పదవి ఇచ్చి చెక్కు మీద సంతకం ఆయన దగ్గరే ఉంచుదాం, ఆయన మనసు నొచ్చుకోదు అని మా ఉపాధ్యక్షులు అంటున్నారు. అది సరేనా?

---

గవర్నర్‌పేట_ఆడిట్:

ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. అక్కడ వరస తప్పితే మిగతావన్నీ ఆగిపోతాయి. రిజిస్ట్రార్ మొదట, బ్యాంకు తర్వాత, ఇన్‌కంటాక్స్ పోర్టల్ మూడోది.

మన సంఘాలు నడిచేది ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద. దాని 9వ సెక్షన్ ప్రకారం, వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలతో జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. చాలా సంఘాలు మొదటి రెండు మూడేళ్ళు చేసి వదిలేస్తాయి. ఎవరూ అడగరు కాబట్టి ఇబ్బందీ కనపడదు. బ్యాంకులో సంతకాలు మార్చాల్సి వచ్చిన రోజున బయటపడుతుంది. బ్యాంకువాళ్ళు రిజిస్ట్రార్ ధ్రువీకరించిన తాజా జాబితా తెమ్మంటారు. రికార్డులో ఉన్నది ఎప్పటిదో కమిటీ. అందులో ఒకరిద్దరు కాలం చేసి ఉంటారు కూడా. కాబట్టి ఎన్నికకు నెల ముందే రిజిస్ట్రార్ ఆఫీసులో మీ సంఘం నంబరు మీద చివరిగా ఏ సంవత్సరం జాబితా ఉందో కనుక్కోండి, నకలు తీసుకోండి.

బ్యాంకుకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: సర్వసభ్య సమావేశం మినిట్స్ (సమావేశంలో జరిగినది రాసుకునే నమోదు) నకలు, ఖాతా నిర్వహణ గురించి కొత్త కార్యవర్గం చేసిన ప్రత్యేక తీర్మానం, రిజిస్ట్రార్‌కి ఇచ్చిన జాబితా మీద అందినట్టు ముద్ర, కొత్తవాళ్ళ ఆధార్, పాన్, ఫొటోలు, పాత సంతకందారులు ఇచ్చే లేఖ. ఆ చివరిది లేకపోయినా పని అవుతుంది కానీ, ఉంటే సగం ప్రశ్నలు తగ్గుతాయి. పాత, కొత్త సంతకందారులు ఒకే రోజు బ్రాంచికి వెళ్ళడం మేలు.

తీర్మానం రాసే తీరులోనే చాలామంది ఇరుక్కుంటారు. ‘అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి’ అని రాస్తే, మీ అధ్యక్షులు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ప్రతి చెక్కూ కొరియర్ ఎక్కాలి. అప్పుడేం చేస్తారంటే, ఆయన ఊళ్ళోకి వచ్చినప్పుడు పది పదిహేను ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టి వెళ్తారు. ఇద్దరి సంతకం నిబంధన ఉన్నా లేనట్టే. ‘అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి – ఈ ముగ్గురిలో ఏ ఇద్దరైనా’ అని రాయండి. అలాంటి ఖాళీ చెక్కులు ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో అడగండి. ఉంటే ఛార్జి తీసుకునే రోజున నంబరు నంబరుకీ రాసుకుని, అందరి ముందూ ‘రద్దు’ కొట్టించండి.

ఇంకోటి. సంతకాలు మారేనాటికి బయట ఉన్న చెక్కులు పాత సంతకంతో వస్తే బ్యాంకు తిప్పి పంపవచ్చు. చెక్కు చెల్లుబాటు తేదీ నుంచి 3 నెలలు. కాబట్టి మార్పుకు ముందు రెండు మూడు వారాలు కొత్త చెక్కులు ఇవ్వకుండా, ఉన్నవి జమ చేసుకొమ్మని ఫోన్ చేసి చెప్పండి. స్కాలర్‌షిప్పు చెక్కులే ఎక్కువ మిగిలిపోతాయి. పిల్లలు సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుని మరిచిపోతారు.

---

బ్రాడీపేట_4వ_లైన్:

ఆడిట్ గారు చెప్పినదానికి నా వంతు. గుంటూరు వైపు సంఘాల్లోనూ ఇదే తంతు.

మొదటి ప్రశ్న గురించి. సంక్రాంతికి ఎన్నిక పెట్టడం సహజమే, అమెరికా నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు అప్పుడే దొరుకుతారు. కానీ లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. జనవరిలో ఛార్జి మారితే ఒకే సంవత్సరం లెక్కల్లో తొమ్మిదిన్నర నెలలు ఒకరివి, రెండున్నర నెలలు ఇంకొకరివి. ఆడిటర్ అడిగే ప్రశ్నలకు కొత్త కోశాధికారి ‘అది మా హయాం కాదు’ అంటారు, పాతాయన ‘రికార్డులు ఇచ్చేశాను కదా’ అంటారు. పైగా 12ఏ ఉన్న సంఘం ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాల మీద ఖర్చు పెట్టాలి, లేదా మిగులు దేనికి దాచుకుంటున్నారో ఫారం నింపాలి. ఆ లెక్క తేలేది సరిగ్గా జనవరి–మార్చిలోనే. కొత్తవాళ్ళకి ఎంత ఖర్చయిందో తెలియదు, పాతవాళ్ళకి అధికారం లేదు.

అందుకని నా సలహా: ఎన్నిక సంక్రాంతికి, ఛార్జి ఏప్రిల్ 1న. మధ్యలో కొత్త కార్యదర్శి, కోశాధికారి పాతవాళ్ళ పక్కనే కూర్చుని పని చూడాలి. ఎన్నిక తీర్మానంలోనే ‘ఏప్రిల్ 1 నుంచి బాధ్యతలు’ అని రాయించండి. జాబితా దాఖలుకి 15 రోజులు లెక్కపెట్టేది సమావేశం తేదీ నుంచే, అది మరిచిపోవద్దు. ముందు మీ బైలాస్‌లో (సంఘం నియమావళిలో) పదవీకాలం ఎప్పుడు మొదలవుతుందో చూడండి. ‘ఎన్నికైన తేదీ నుంచి’ అని ఉంటే ఈ పద్ధతి కుదరదు.

మాస్టారి సంతకం సంగతి: వద్దు. గౌరవ సలహాదారుగా ఉండనివ్వండి, వేదిక మీద మొదటి కుర్చీ వేయండి, కార్యవర్గ సమావేశాలకు పిలవండి. కానీ చెక్కు మీద సంతకం చేసేవారు జాబితాలో ఉన్న పదాధికారి అయి ఉండాలి. రేపు ఏదైనా తేడా వస్తే బాధ్యత ఆయన మీదే పడుతుంది, నిర్ణయం మాత్రం ఇంకొకరిది. ఆయన మీద గౌరవం ఉంటే ఆ బరువు దించాలి.

---

లబ్బీపేట_శారద:

బ్రాడీపేట గారూ, ఏప్రిల్ దాకా ఆగడం కాగితం మీద బావుంటుంది. ఆచరణలో ఆ 11 వారాల్లోనే పాత కమిటీ ‘పోయేలోపు ఒక మంచి పని’ అని కాలేజీకి ఆర్వో ప్లాంటో, గేటు ఆర్చో ప్రకటించి పోతుంది. బిల్లులు కొత్తవాళ్ళ నెత్తిన. ప్రిన్సిపాల్ గారి ముందు మాటిచ్చాక వెనక్కి పోలేరు.

ఛార్జి ఆరోజే మారాలి, లెక్కల వరకు గీత గీయాలి అంటాను. సమావేశం ముందురోజు సాయంత్రానికి బ్యాంకు స్టేట్‌మెంట్, చేతిలో నగదు, బయట ఉన్న చెక్కులు, రావాల్సినవి, ఇవ్వాల్సినవి వేసి ఒక ట్రయల్ బ్యాలన్స్ (ఖాతాలన్నిటి నిల్వల పట్టీ) తీయండి. పాత, కొత్త కోశాధికారులిద్దరూ దాని మీద సంతకం పెట్టాలి. ఆ తేదీ వరకు ప్రశ్నలకు జవాబు పాతవారిది. ఆడిట్ అయ్యేదాకా ఆయన కార్యవర్గానికి ప్రత్యేక ఆహ్వానితులు. ఆ మాట తీర్మానంలో రాయండి, నోటిమాటగా వద్దు.

ఏప్రిల్ పద్ధతే ఎంచుకుంటే మాత్రం, మధ్యకాలంలో రోజువారీ ఖర్చుకి ఒక పరిమితి పెట్టి, అంతకు మించినదానికీ కొత్త వాగ్దానాలకీ కొత్త కార్యదర్శి రాతపూర్వక అంగీకారం ఉండాలని ఆ సమావేశంలోనే తీర్మానించుకోండి.

---

కృష్ణలంక_కట్ట:

చాలా థాంక్సండీ. ఆడిట్ గారు చెప్పినట్టు రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కున్నాం. భయపడినంతా అయింది. 2016 తర్వాత జాబితాలు లేవు. మినిట్స్ పుస్తకం ఉంది కానీ మధ్యలో రెండేళ్ళు ఖాళీ. కోవిడ్ రోజులు. మాస్టారు ‘దానికేముంది, కూర్చుని రాసేద్దాం’ అన్నారు.

ఇంకో చిక్కు. ఎనిమిది ఎఫ్‌డీల్లో రెండు సంఘం పేరు మీద లేవు. మాస్టారి సొంత పేరు మీద ఉన్నాయి. సీనియర్ సిటిజన్‌కి అర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని, పిల్లలకే కదా పోయేదని అలా వేశారట. ఆయన నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ ఇప్పుడెలా?

---

గవర్నర్‌పేట_ఆడిట్:

‘కూర్చుని రాసేద్దాం’ మాత్రం వద్దు బాబూ. జరగని సమావేశానికి పాత తేదీతో మినిట్స్ రాస్తే ఏదో ఒక చోట దొరికిపోతారు. 2020 మినిట్స్‌లో ‘ఎన్టీఆర్ జిల్లా’ అని రాసి ఉంటుంది. ఆ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. లేదా అప్పటికి సంఘంలో చేరని మనిషి సంతకం ఉంటుంది. రేపు ఎవరైనా అలిగి చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకో మధ్యవర్తిత్వానికో వెళ్తే, మొదట చూసేది మినిట్స్ పుస్తకమే. ఒక్క కల్పిత పేజీ ఉంటే నిజమైన పేజీలనీ నమ్మరు.

చేయాల్సింది ఇది. సమావేశాలు జరిగిన సంవత్సరాలకు, ఉన్న మినిట్స్ ఆధారంగా ఏ ఏటి జాబితా ఆ ఏటికి విడివిడిగా సిద్ధం చేసి ఆలస్యంగానైనా దాఖలు చేయండి. జరగని రెండేళ్ళకి ‘సమావేశం జరగలేదు, అంతకుముందు కార్యవర్గమే కొనసాగింది’ అని ఉన్నదున్నట్టు రాసి, రాబోయే సర్వసభ్య సమావేశంలో ఆ కొనసాగింపును ఆమోదిస్తూ తీర్మానం చేయించండి. ఆలస్యానికి కారణం చెబుతూ ఒక కవరింగ్ లెటర్ జతపరచండి. మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీలుంటే అడ్డంగా గీత కొట్టి నేటి తేదీతో సంతకం చేయండి. లాప్‌టాప్‌లో టైపు చేసి అతికించిన కాగితాలుంటే అతుకు మీద, కాగితం సగం పేజీ సగం పడేలా సంతకం ఉండాలి.

ఎఫ్‌డీల సంగతి. అవి మాస్టారి పాన్ మీద ఉన్నాయి కాబట్టి వడ్డీ చట్టరీత్యా ఆయన ఆదాయంగా కనిపిస్తుంది, టీడీఎస్ (వడ్డీలోంచి బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) ఆయన పేరునే కోస్తారు. ఆయనకేమైనా అయితే డబ్బు చేతికొచ్చేది నామినీకి. వాళ్ళ పిల్లలు మంచివాళ్ళే కావచ్చు, కానీ ఇది సంఘం సొమ్మని వాళ్ళకి చెప్పే కాగితం ఏదీ ఉండదు. కాబట్టి ఛార్జి మారేలోపు అవి సంఘం ఖాతాలోకి రావాలి. గడువు దగ్గర్లో ఉంటే ఆటో రెన్యువల్ తీసేయించి ఆ తేదీ దాకా ఆగండి. దూరంగా ఉంటే ముందే మూయించండి, కొంత వడ్డీ పోతుంది, పోనివ్వండి. డబ్బు చెక్కు ద్వారానో నెఫ్ట్ ద్వారానో సంఘం ఖాతాకి రావాలి, నగదు వద్దు. ‘ఫలానా దాత ఫలానా తేదీన స్కాలర్‌షిప్ నిధికి ఇచ్చిన సొమ్ము, సంఘం తరఫున నా పేరున ఉంచాను’ అని మాస్టారు లేఖ ఇవ్వాలి.

దానికి కొత్త విరాళం రసీదు రాయకండి. రాస్తే విరాళాల స్టేట్‌మెంట్‌లోకి ఎక్కుతుంది, అదే డబ్బు రెండుసార్లు ఆదాయం అవుతుంది. ఈ ఎఫ్‌డీలు ఇప్పటికే మీ బ్యాలన్స్ షీట్లో ఉన్నాయా లేదా చూడండి. ఉంటే ఇది ఒట్టి బదిలీ. లేకపోతే మీ ఆడిటర్‌తో కూర్చోవాల్సిందే, ఇక్కడ మాటల్లో తేలదు.

దాతల ఉత్తరాల ఫైలు కూడా అడిగి తీసుకోండి. అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడాలని దాత రాసిచ్చిన డబ్బు మూలనిధి. అది విడిగా, చట్టం అనుమతించిన పెట్టుబడుల్లో ఉంటేనే మినహాయింపు. ఆ ఉత్తరం పోతే, ఏ ఎఫ్‌డీ ఎవరి తల్లిగారి పేరు మీద ఏ సబ్జెక్టు పిల్లలకో చెప్పగలిగేది మాస్టారొక్కరే.

---

పటమట_నెట్‌వర్క్:

కాగితాల సంగతి పెద్దలు చెప్పేశారు. ఫోన్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మీ సంఘం నిజంగా ఉన్నది మాస్టారి ఫోన్లో.

ముందు సంఘానికి విడిగా ఒక సిమ్ తీసుకోండి. అది కార్యదర్శితో పాటు చేతులు మారాలి. రీచార్జి మరిచిపోకండి, 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబరు పోయే ప్రమాదం ఉంది. పోయిన నంబరు ఇంకొకరికి వెళ్తుంది, మీ ఓటీపీలు వాళ్ళకి వెళ్తాయి. తర్వాత ఒక పూట మాస్టారి ఇంట్లో, ఆయన ఫోను ఆయన చేతిలో ఉండగానే, కూర్చుని అన్నీ మార్చేయాలి. పాస్‌వర్డులు వాట్సాప్‌లో పంపించుకోవడం, ‘ఓటీపీ చెప్పండి మాస్టారూ’ అని రాత్రిళ్ళు ఫోన్ చేయడం వద్దు. ఆయనకి ఓటీపీ చెప్పే అలవాటు చేస్తే రేపు ఏ దొంగ ఫోన్ చేసినా చెప్పేస్తారు.

జీమెయిల్‌తో మొదలుపెట్టండి, మిగతావాటికి తాళం అదే. రికవరీ నంబరు, రికవరీ మెయిల్, రెండంచెల ధ్రువీకరణ ముగ్గురు పదాధికారులకూ తెలిసేలా మార్చండి. బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి సీలు కవర్లో బీరువాలో పెట్టండి.

సభ్యుల జాబితా గూగుల్ షీట్ అయితే అది ఎవరి సొంత ఖాతాలో ఉందో చూడండి. మామూలు జీమెయిల్ ఖాతాల్లో ఫోల్డర్ యాజమాన్యం మార్చినంత మాత్రాన లోపలున్న ఫైళ్ళు మారవు. ఒక్కో ఫైలుకీ విడిగా మార్చాలి, తీసుకునేవాళ్ళు అంగీకరించాలి. ఇది తెలియక ఫోల్డర్ ఇచ్చేసి, పాతాయన తన ఖాతా శుభ్రం చేసుకుంటే సభ్యత్వ రిజిస్టరంతా చెత్తబుట్టలో పడుతుంది.

వాట్సాప్‌లో ఒక మెలిక ఉంది. గ్రూపు మొదట పెట్టినవారిని వేరే అడ్మిన్‌లు తీసేయలేరు, అడ్మిన్ హోదా కూడా పీకలేరు. ఆయనంతట ఆయన బయటికి వెళ్తేనే. మీ విషయంలో ఇది సమస్య కాదు, మాస్టారు ఉండనివ్వండి. కానీ ప్రతి బ్యాచ్ గ్రూపులోనూ ముందు ఇద్దరు కొత్త అడ్మిన్‌లను చేయించండి. ఫేస్‌బుక్ పేజీకీ అంతే, పూర్తి నియంత్రణ ఇద్దరికి ఉండాలి.

డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఎవరి కార్డు మీద రెన్యూ అవుతోందో కనుక్కోండి. ఎవరో 2005 బ్యాచ్ అబ్బాయి బెంగళూరులో ఉండి తన సొంత ఖాతాలో కొని ఉంటాడు, నూటికి తొంభై ఇంతే. గడువు తీరాక కొద్ది వారాలు మామూలు ధరకే తిరిగి ఇస్తారు, తర్వాత దండగ ఫీజు, ఆ తర్వాత వేలంపాట. సంఘం మెయిల్‌తో ఖాతా తెరిచి అందులోకి బదిలీ చేయించుకోండి.

ఇన్‌కంటాక్స్ పోర్టల్లో సంఘం పాన్‌కి ఉన్న ఫోను, మెయిల్, ప్రధాన సంప్రదింపు వ్యక్తి వివరాలు కూడా అదే పూట మార్చండి. డిజిటల్ సంతకం టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది) మాత్రం మాస్టారిది మాస్టారికే. అది వ్యక్తిది, పదవిది కాదు. ఆడిటర్ గారి ఆఫీసు సొరుగులో ఉంటే తెచ్చి ఆయనకిచ్చేయండి, కొత్త కార్యదర్శి తన పేరున కొత్తది తీసుకోవాలి.

---

గవర్నర్‌పేట_ఆడిట్:

టోకెన్ మాట బాగా గుర్తుచేశారు. మా వృత్తివాళ్ళ సొరుగుల్లో అలాంటివి డజన్లకొద్దీ ఉంటాయి, ఒప్పుకోవాల్సిందే.

దానికి తోడు తేదీలు. విరాళాల స్టేట్‌మెంట్ ఫారం 10బీడీ మే 31లోపు, దాతల సర్టిఫికెట్లూ ఆలోపే. ఆలస్యానికి రోజుకి 200 రూపాయలు. అందులో ప్రతి దాతకీ పాన్, ఆధార్ లాంటి గుర్తింపు నంబరు కావాలి. సంక్రాంతి స్టాల్ దగ్గర పేరు, బ్యాచ్ రాసుకుని డబ్బు తీసుకున్నవన్నీ మే నెలలో తలనొప్పి అవుతాయి. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకి 80జీ రాదు, ఆ మాట స్టాల్ దగ్గరే చెప్పాలి. 12ఏ, 80జీ ఆర్డర్ల మీద గడువు చూడండి. 2021లో కొత్త విధానం కింద 5 ఏళ్ళకి తీసుకున్నవాటిలో చాలావాటికి 2026 మార్చి 31 వరకే గడువు ఇచ్చారు, గడువుకు కనీసం 6 నెలల ముందు దరఖాస్తు చేయాలన్నది నిబంధన. కమిటీ మారే హడావుడిలో సరిగ్గా ఇలాంటివే జారిపోతాయి. ఇక, కొత్త కమిటీ ఉత్సాహం కొద్దీ సంఘం ఆశయాల క్లాజును మార్చకండి. మారిస్తే 30 రోజుల్లో మళ్ళీ ఇన్‌కంటాక్స్ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టాలి.

---

ఎన్నారై_డెస్క్:

ఒక్క మాట చేర్చాలి. కొత్త కోశాధికారులు మొదటివారంలో చేసే పని, అమెరికా బ్యాచ్‌మేట్ల గ్రూపులో సంఘం ఖాతా నంబరు, క్యూఆర్ కోడ్ పెట్టడం. ఆగమనండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ఉన్న సంఘమైనా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే ముందు తీసుకోవాలి. మనవాళ్ళలో సగంమంది పాస్‌పోర్టు ఎప్పుడు మారిందో పక్కవాళ్ళకే తెలియదు. ఎన్నారై విరాళానికి పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు, పౌరసత్వం గురించి ఒక వాక్యం ప్రకటన తీసుకునే అలవాటు పాత కమిటీకి ఉందో లేదో అడగండి. లేకపోతే ఇకనుంచి మొదలుపెట్టండి.

---

అరండల్‌పేట_అక్క:

మూడో ప్రశ్నకి ఇంకా పూర్తి జవాబు రాలేదనిపించింది. మాస్టారి దగ్గర కాగితాలకంటే ఎక్కువ ఉన్నది ఆయన బుర్రలో. ఏ దాతకి ఏటా ఉగాదికి ఫోన్ చేయాలి, ఎవరికి ఉత్తరమే రాయాలి, ఏ బ్యాచ్‌లో ఎవరెవరు మాట్లాడుకోరు, కాలేజీ ఆడిటోరియం ఇవ్వడానికి ఏ గుమాస్తా గారిని ముందు కలవాలి, కిందటిసారి భోజనాలవాళ్ళకి బాకీ ఎంత. ఇది ‘మాస్టారూ, అన్నీ రాసివ్వండి’ అంటే వచ్చేది కాదు. ఆ వయసులో ఆయన రాయరు, అడిగితే బాధపడతారు కూడా.

ఇద్దరు వెళ్ళండి, ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఫైళ్ళు ముందు పెట్టి కాదు, పాత సమావేశాల ఫొటో ఆల్బం ముందు పెట్టి అడగండి. ఫొటోలో మనిషిని చూస్తే ఆ మనిషి సంగతంతా ఆయనే చెప్తారు. గంటన్నర దాటనివ్వకండి, మళ్ళీ రెండు రోజులాగి వెళ్ళండి. పెద్ద దాతల్ని ఆయనే వెంటబెట్టుకుని వెళ్ళి కొత్త కార్యదర్శిని పరిచయం చేయాలి. పదిమంది చాలు, మిగతావాళ్ళకి ఇద్దరి సంతకాలతో ఉత్తరం.

సన్మానం రోజూ అప్పగింత రోజూ ఒకటే పెట్టకండి. శాలువా కప్పి, పూలదండ వేసి, వెంటనే బీరువా తాళాలు అడిగితే ఎంత పెద్దమనసున్న మనిషికైనా చివుక్కుమంటుంది. అప్పగింత ముందే, ఇంట్లో, నలుగురి మధ్య ముగియాలి. సభలో సన్మానం మాత్రమే.

సలహాదారు పదవికి కాలపరిమితి, ఓటు ఉందా లేదా అన్నది తీర్మానంలో రాయండి. ఆయన కోసం కాదు, ఆయన తర్వాత ఆ పదవి అడిగేవాళ్ళ కోసం. ఇంకో మాట కూడా అనాలి. కొత్తవాళ్ళు మొదటి ఆరు నెలలు సంఘం లోగో, పేరు, వార్షికోత్సవం తేదీ ముట్టుకోకండి. రాగానే అన్నీ మార్చేస్తే, ఇన్నాళ్ళూ జరిగినదంతా తప్పన్నట్టు వినబడుతుంది.

కాలేజీవైపు కూడా చూసుకోండి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ లెక్కల్లో పూర్వ విద్యార్థుల సంఘం సాయానికి విడిగా చోటు ఉంది, కాలేజీలో ఆ పని చూసే ఐక్యూఏసీ వాళ్ళు ఏటా ఆ వివరాలు, ఆడిట్ అయిన లెక్కలు అడుగుతారు. కొత్త కార్యదర్శి పేరు, ఫోను ప్రిన్సిపాల్ గారికి లేఖగా ఇవ్వకపోతే ఆ ఉత్తరాలు మాస్టారింటికే పోతుంటాయి.

---

కృష్ణలంక_కట్ట:

అక్కా, ఆల్బం ఆలోచన మా ఎవరికీ తట్టలేదు. మా బైలాస్‌లో ‘ఎన్నికైన తేదీ నుంచి’ అని ఉంది, కాబట్టి శారద గారి పద్ధతే మాకు దారి. చివరి ప్రశ్న. అప్పగింత పత్రంలో ఏమేం రాయాలి? రసీదు పుస్తకాలు బ్యాచ్ ప్రతినిధుల దగ్గర చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎన్ని అచ్చువేశారో కూడా స్పష్టంగా లేదు.

---

లబ్బీపేట_శారద:

పత్రం మూడు ప్రతులు, ప్రతి పేజీ మీద ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలు, బైలాస్ ధ్రువీకృత నకలు, మినిట్స్ పుస్తకాలు ఎన్ని, ఏ పేజీ వరకు రాశారో, సభ్యత్వ రిజిస్టర్, పాన్ కార్డు, 12ఏ, 80జీ ఆర్డర్లు, ఆడిట్ రిపోర్టులు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఎఫ్‌డీ రసీదులు నంబరు, మొత్తం, గడువు తేదీతో, చెక్కు పుస్తకంలో మిగిలిన ఆకుల నంబర్లు, నగదు నోట్లవారీగా, రబ్బరు స్టాంపులు, తాళాలు. ప్రొజెక్టరు, బ్యానర్లు, మిగిలిపోయిన మెమెంటోలు కూడా. లేనివి ‘లేవు’ అని రాయాలి, ఆ గడి ఖాళీగా వదలకూడదు. ‘దొరకలేదు’ అన్నది కూడా ఒక సమాచారమే, తర్వాత ఎవరినీ అనుమానించే పని ఉండదు.

రసీదు పుస్తకాలకి మాత్రం జాలి చూపించకండి. అచ్చువేసిన ప్రెస్ బిల్లు ఓచర్ల ఫైల్లో ఉంటుంది, ఎన్ని పుస్తకాలు, ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు అన్నది అందులో దొరుకుతుంది. దాన్నిబట్టి ఒక పట్టీ వేసి, ప్రతి బ్యాచ్ ప్రతినిధికీ తేదీ చెప్పి, వాడినవీ వాడనివీ కౌంటర్‌ఫాయిల్స్‌తో (రసీదు చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్కలతో) సహా తెప్పించండి. సగం వాడిన పుస్తకంలో మిగిలిన ఆకులన్నీ అడ్డగీత కొట్టి ‘రద్దు’ చేయండి. రానివాటి నంబర్లు మినిట్స్‌లో రాసి, ‘ఫలానా తేదీ తర్వాత ఈ నంబర్ల రసీదులు చెల్లవు’ అని అన్ని గ్రూపుల్లో ప్రకటన పెట్టండి. కొత్త పుస్తకాలు కొత్త వరసతో, రసీదు రంగు మార్చి వేయించండి. నంబరుకి ముందు ఆర్థిక సంవత్సరం, దాత పాన్‌కి ఒక గడి ఉండాలి. ఆ ప్రింటింగు సంక్రాంతికి ముందే అయిపోవాలి, ఆ నాలుగు రోజుల్లో ప్రెస్‌లన్నీ మూసి ఉంటాయి.